సంవత్సరం లేని ముద్ర

నేను కొలిచింది తప్పు కాదు. కొలిచింది పైకి చెప్పడమే తప్పు. మా వదిన ఇవాళ ఇంట్లో లేకపోవడానికి కారణం నేను. పోలీసులు వేరే కారణాలు రాసుకున్నారు. వాళ్ళకి ఏదో ఒకటి రాసుకోవాలి కాబట్టి రాసుకున్నారు.

పాత కవర్ల మీది తపాలా ముద్రలు చూసి అవి ఏ కాలానివో చెప్పడం నా పని. కవర్లు సేకరించేవాళ్ళు పంపిస్తారు, అప్పుడప్పుడు కోర్టులు కూడా పంపిస్తాయి. పోస్టాఫీసులో చేత్తో పట్టుకుని కొట్టే పనిముట్టు సీలు. అది కాగితం మీద వదిలేది ముద్ర. సీలు లోహం కాబట్టి కొట్టేకొద్దీ అరుగుతుంది. అంచున ఉండే గుండ్రటి గీతలో ఎక్కడో సన్నగా పగులిస్తుంది, ఆ పగులు ఏటేటా వెడల్పవుతుంది. తేదీ తెలిసిన ముద్రలు పక్కన పెట్టుకుని ఆ పగులు కొలిస్తే తేదీ తెలియని ముద్ర వయసు దొరుకుతుంది. మోకాళ్ళ దగ్గర అరుగుదల చూసి ప్యాంటు ఎన్నేళ్ళదో చెప్పే దర్జీకీ నాకూ పెద్ద తేడా లేదు.

ఈ పనిలో నాకు ఒకటే సూత్రం. పాత కాగితం ఎవరైనా దాచిపెట్టుకోవచ్చు, పాత సిరా ఎవరైనా కలుపుకోవచ్చు, లోహాన్ని మాత్రం ఎవరూ మభ్యపెట్టలేరు. ఇరవై ఆరేళ్ళు దాని మీదే బతికాను.

మాది రెండంతస్తుల ఇల్లు. వీధి వైపు అన్నయ్య కళ్ళద్దాల దుకాణం, వెనక గదుల్లో అన్నయ్య, వదిన. మేడ మీద ఆడపడుచుని నేను, నా బల్ల, నా భూతద్దాలు. అద్దాలు అన్నయ్య అరగదీసి ఇచ్చినవే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడగడం జనం మానేసి పదేళ్ళయింది. అన్నయ్యకీ వదినకీ పిల్లలు లేరు. ఉన్నది ముగ్గురం, భోజనం ఒక్కచోటే. వదిన ముప్ఫై నాలుగేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. ఆవిడకి భయం అంటే ఏమిటో తెలియదు. సూది మందంటే పారిపోయే అన్నయ్యకి ఆవిడే సరి అని మా అమ్మ అనేది.

జూలైలో ఒకరోజు పొద్దున్న, వాన పడుతుండగా, వదిన మేడెక్కి వచ్చింది. వాళ్ళమ్మ పోయి అప్పటికి రెండు నెలలు. చేతిలో ఒక బిస్కెట్ల డబ్బా, చంకలో పొడుగాటి అట్ట పుస్తకం.

"డిటెక్టివ్ గారు ఖాళీయేనా?"

"ఖాళీ అంటే చిక్కుడుకాయలు ఈనెలు తీయమంటావు. ఖాళీ లేదు."

"ఈనెలు మీ అన్నయ్య తీస్తున్నాడులే. ఇది వేరే పని." బల్ల మీద చోటు చేసుకుని రెండూ పెట్టింది. "మా అమ్మ పెట్టె అడుగున దొరికాయి. నవ్వకుండా వింటావా?"

వాళ్ళ నాన్న కథ మా ఇంట్లో అందరికీ తెలుసు కానీ వదిన తనంతట తాను చెప్పడం అదే మొదటిసారి. ఆయన ఒక చిన్న ఊళ్ళో పోస్టుమాస్టరు. వదినకి తొమ్మిదేళ్ళప్పుడు ఆ ఊరి పేరు మార్చారు. ఎవరో పెద్దమనిషి పోతే ఆయన పేరు పెట్టారు. కొత్త పేరుతో కొత్త సీలు వచ్చింది. పాత సీలు ఆ సాయంత్రమే హెడ్డాఫీసుకి పంపేయాలి. ఆయన పంపలేదు.

"పాత పేరు మీద ఇంకా ఉత్తరాలు రావాలి, అవి ఎవరు తీసుకుంటారు అని వారం రోజులుగా అదే గొడవ," అంది వదిన. "ఆ సాయంత్రం ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ మంచినీళ్ళు తేవడానికి లోపలికెళ్ళింది. వచ్చేసరికి లేడు. సీలూ లేదు. ప్రభుత్వ వస్తువు ఎత్తుకుపోయాడని కేసు పెట్టారు. బళ్ళో నన్ను సీలమ్మ అని పిలిచేవాళ్ళు. సీలు దొంగ కూతురిని కదా."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"చెబితే నువ్వూ పిలుస్తావని."

పుస్తకం తెరిచాను. నా గుండె గబగబా కొట్టుకుంది. సంతోషంతోనే అని ఒప్పుకోవాలి. పోస్టుమాస్టరు రోజూ పొద్దున్న సీలులో తేదీ అంకెలు మార్చి, ఉత్తరాల మీద కొట్టే ముందు ఒక పుస్తకంలో ఒక్కసారి కొట్టి చూసి సంతకం పెట్టాలి. అది ఆ పుస్తకం. నాలుగేళ్ళ పాటు, రోజుకొక ముద్ర, పక్కన పొడి అక్షరాల సంతకం. చివరిది పేరు మారిన రోజుది. ఇలాంటి కొలబద్ద దొరకడం మా వృత్తిలో జీవితానికి ఒక్కసారి కూడా జరగదు.

డబ్బాలో పదకొండు గోధుమరంగు కవర్లున్నాయి. అన్నీ ఖాళీ. మీద వాళ్ళమ్మ పేరు తప్ప ఇంకేమీ లేదు. ఊరు లేదు, వీధి లేదు. స్టాంపు అంటించలేదు. ప్రతిదాని మీదా పాత పేరుతో ముద్ర ఉంది. రోజూ నెలా ఉన్నాయి. సంవత్సరం ఉండాల్సిన చోట ఖాళీ.

"చేతిరాత నాన్నదే," అంది వదిన. "నాకు ఒక్క ముక్క చెప్పు. ఇవి ఆయన వెళ్ళకముందువా, తర్వాతవా? ముందువైతే ఆ రోజే ఎక్కడో చనిపోయాడనుకుంటాను. తర్వాతవైతే బతికుండి మమ్మల్ని వదిలేశాడు. ఏదైనా సరే తట్టుకుంటాను. ఈ మధ్యలో వేలాడటం యాభై రెండేళ్ళయింది, చాలు."

ఒక కవరు తీసి తిరగేసి చూసింది. తర్వాత మెల్లిగా అంది, "ఉంటే తొంభై రెండు. ఉండకూడదని లేదుగా? అమ్మ తొంభై దాకా ఉంది."

ఆ మాట మీద నేను జాగ్రత్తపడి ఉండాల్సింది.

మధ్యాహ్నం భోజనం అయ్యాక పనిలో కూర్చున్నాను. మబ్బు కమ్మి గదిలో వెలుతురు పల్చబడింది. బల్ల దీపం వేసుకున్నాను. పుస్తకంలో మూడో ఏడు మధ్యలో గీత అడుగున వెంట్రుకంత పగులు మొదలైంది. చివరి పేజీకి అర మిల్లీమీటరయింది. కవర్లు చూశాను. వాటి కాగితం, పుస్తకం అట్టకున్న జేబులో మిగిలిన ఖాళీ కవర్ల కాగితం ఒక్కటే. అదే నేత, వెలుతురుకి పెడితే అదే నీటిగుర్తు. ఆ కాగితం తయారవడం ఆగిపోయి నలభై ఏళ్ళు దాటింది.

అక్కడ ఆగిపోవచ్చు. ముందువే వదినా అని చెబితే ఒక పూట ఏడ్చేది, మర్నాడు డబ్బా అటకెక్కేది.

నేను పగులు కొలిచాను. అన్నిటికన్నా సన్నగా ఉన్నది కూడా పుస్తకంలోని చివరి ముద్ర కన్నా వెడల్పు. మిగతావి వరసగా పెరుగుతూ పోయాయి. ఆఖరిదానిలో గీత పావు భాగం లేదు. పుస్తకంలోని వేగంతో లెక్కగడితే మొదటి కవరు ఆయన కనబడకుండా పోయిన నాలుగేళ్ళకి కొట్టింది. పదకొండోది యాభై రెండేళ్ళకి... అంటే ఈ ఏడు.

ఆఖరిదాన్ని మళ్ళీ కొలిచాను. ఇందాక పద్దెనిమిది మిల్లీమీటర్లున్న పగులు పద్దెనిమిదిన్నర ఉంది. నా చెయ్యి కదిలిందనుకున్నాను.

అప్పుడే కింద నుంచి చప్పుడు వినిపించింది. మెత్తగా ఒకటి, గట్టిగా ఒకటి. సిరా దిండు మీద ఒకటి, కాగితం మీద ఒకటి. ఏ పోస్టాఫీసులోనైనా వినిపించే చప్పుడే. అన్నయ్య దుకాణంలో ఏదో కొడుతున్నాడనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, భోజనం చేసి నిద్రపోయాడు. షట్టరు దించేసి ఉంది.

మెత్తగా ఒకటి... గట్టిగా ఒకటి.

అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. పంతొమ్మిది.

సీలు అరుగుతుంది. కాగితం మీద పడి ఎండిపోయిన ముద్ర అరగదు. అరగడానికి అక్కడ ఏమీ లేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా కళ్ళు అలిసిపోయాయని రాసుకుని దీపం ఆర్పేశాను. నాలుగింటికి కిందికి దిగి వదినతో చెప్పాను.

"తర్వాతవి. అన్నీ తర్వాతవే. ఆఖరిది ఈమధ్యది."

వదిన గిన్నె తుడుస్తోంది. తుడవడం ఆపలేదు. "ఎంత ఈమధ్య?"

"ఈ ఏడు."

"తేదీ?"

"పద్దెనిమిది, జూలై."

"ఇవాళ పదహారు," అంది వదిన.

అన్నయ్య కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "రాని తేదీతో సీలెలా కొడతారే? అది పోయినేటిది అయ్యుంటుంది. నీ లెక్కలో ఏడాది అటూ ఇటూ అవదా?"

"అవచ్చు," అన్నాను. నిజంగానే అవచ్చు.

వదిన గిన్నె బోర్లించింది. "ఊరి పేరుంది, తేదీ ఉంది. రమ్మని చెప్పడానికి ఇంకేం రాయాలి?"

పద్దెనిమిదిన నేనూ వెంట వెళ్ళాను. ఒంటరిగా పంపడం ఇష్టం లేక వెళ్ళాను అని అన్నయ్యతో చెప్పాను. ఆ సీలు కంటితో చూడాలని కూడా ఉంది. అది అన్నయ్యతో చెప్పలేదు.

బస్సు కూడలిలో ఆగింది. కొత్త పేరున్న పోస్టాఫీసు అక్కడే, సిమెంటు గది. లోపల పాతికేళ్ళ పోస్టుమాస్టరమ్మ ఫ్యాను కింద పార్సిళ్ళు సర్దుతోంది. పాత ఆఫీసు ఎక్కడని అడిగితే వెనక రోడ్డు చూపించింది.

"అర కిలోమీటరుంటుందండి. కానీ అక్కడేముంది, తాళం వేసి ఉంటుంది. ఆ తాళం చెవి మా దగ్గర కూడా లేదు."

"పాత పేరుతో ఉత్తరాలు ఇప్పటికీ వస్తాయా అమ్మా?" అని అడిగింది వదిన.

"వస్తాయండి, నెలకొకటీ రెండూ. పంపినవాళ్ళ పేరుండదు, వెనక్కి పంపడానికి. తీసుకెళ్ళి ఆ పాత ఆఫీసు గోడకున్న సందులో పడేస్తాం. నాకు ముందు చేసినాయన అలాగే చెయ్యమని చెప్పి వెళ్ళారు."

"మరి అది నిండిపోదూ?"

ఆ పిల్ల పార్సిల్ కింద పెట్టింది. ఆ మాట తనకెప్పుడూ తట్టలేదని ముఖం చూస్తే తెలిసింది. "నిండలేదండి," అంది.

వాన వెలిసింది. రోడ్డుకి రెండువైపులా మోకాలెత్తు గడ్డి. మూడున్నర అయింది, ఎండ కూడా వచ్చింది. పాత ఆఫీసు ఒంటిగది, పెంకుల కప్పు. తలుపు పైన పేరున్న చోట సున్నం గీకేసి ఉంది. తాళం తుప్పు పట్టి తలుపులో కలిసిపోయింది. కిటికీకి లోపలి నుంచి రేకు కొట్టారు. తలుపు పక్కన గోడలో, నడుమెత్తున, ఉత్తరాలు వేసే సందు ఉంది. ఇనుప మూత. దాని మీద తుప్పు లేదు. వేళ్ళు తగిలి తగిలి నునుపెక్కి ఉంది.

ఆ సందులోంచి వాసన వచ్చింది. సిరా, జిగురు, కరిగించిన లక్క. యాభై ఏళ్ళుగా మూసిన గదిలో బూజు వాసన ఉండాలి. ఇది పని జరుగుతున్న గది వాసన.

తర్వాత చప్పుడు. మెత్తగా ఒకటి. గట్టిగా ఒకటి.

"వదినా, పద వెళ్దాం."

"ష్..."

మెత్తగా... గట్టిగా. తొందర లేదు. చేతినిండా పని ఉన్న మనిషి, ఆ పని బాగా తెలిసిన మనిషి కొడుతున్న చప్పుడు.

"నాన్నా," అంది వదిన. అరవై ఒక్క ఏళ్ళ మనిషి గొంతు కాదది.

చప్పుడు ఆగింది.

లోపల కుర్చీ జరిగింది. నాలుగడుగులు... గోడకి అవతల, మాకు జానెడు దూరంలో ఆగాయి. ఊపిరి మాత్రం వినిపించలేదు. వదిన మూత ఎత్తి చెయ్యి లోపల పెట్టింది. నేను పట్టుకునేలోపే మణికట్టు దాకా వెళ్ళిపోయింది.

"వదినా, తియ్యి!"

"పట్టుకున్నాడే," అంది. నవ్వుతోంది. కళ్ళ నిండా నీళ్ళు. "వెచ్చగా ఉంది చెయ్యి. పనిచేసే చెయ్యి..."

నడుము పట్టుకుని లాగాను. రాలేదు. లాగే కొద్దీ తన చెయ్యి సందులోకి ఇంకాస్త పోతోంది. వదిన మొహంలో నవ్వు నెమ్మదిగా తగ్గింది.

"వదలట్లేదు..." అని గుసగుసలాడింది. "చెయ్యి తిప్పుతున్నాడు. బోర్లా తిప్పుతున్నాడు."

మెత్తగా ఒకటి.

"నాన్నా, వద్దు—"

గట్టిగా ఒకటి.

ఇద్దరం వెనక్కి గడ్డిలో పడ్డాం. వదిన మణికట్టు పైన, చేతి వెనక భాగాన, గుండ్రటి ముద్ర. పాత ఊరి పేరు. ఇరవై ఒకటి, జూలై. సంవత్సరం లేదు.

ఇంటికొచ్చాక సబ్బు, స్పిరిట్, కిరసనాయిలు అన్నీ అయ్యాయి. వదిన నర్సు కదా, తన చర్మం తానే బ్రష్షుతో ఊడేలా తోమింది. ఊడిన చర్మం కింద ముద్ర అలాగే ఉంది. డాక్టరు చూసి కమిలిన దెబ్బ అన్నాడు. అక్షరాలు కనబడటం లేదా అని అన్నయ్య అరిచాడు. డాక్టరు ఇంకోసారి చూసి, ఆ చెయ్యి వదిలేసి, చేతులు కడుక్కున్నాడు. మందేమీ రాయలేదు.

ఇరవై ఒకటిన అన్నయ్య దుకాణం తెరవలేదు. తెల్లవారి ఐదింటికే లేచి అన్ని తలుపులూ గడియ వేసి, దుకాణం వెనక గదిలో వదినని మధ్య కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఇంత పొద్దున్నెందుకండీ," అంది వదిన. "పోస్టాఫీసు పదింటికి గానీ తెరవరు. కాసేపు పడుకోండి."

"నీకు నవ్వులాటగా ఉందా?"

"ఏడిస్తే ముద్ర పోతుందంటే చెప్పండి, ఏడుస్తా."

పదయింది. పన్నెండయింది. ముగ్గురం అన్నం ముందు కూర్చుని ఒక్క ముద్ద కూడా తినకుండా లేచాం. అన్నయ్య వదిన కుడిచెయ్యి పట్టుకున్నాడు, నేను ముద్రపడ్డ ఎడమచెయ్యి పట్టుకున్నాను. ఐదింటికి పోస్టాఫీసు మూసేస్తారు, ఐదు దాటితే గండం గడిచినట్టే. ఆ మాట ఎవరు అన్నారో గుర్తులేదు కానీ ముగ్గురం దాన్ని పట్టుకుని కూర్చున్నాం. గోడ గడియారం వైపు చూడటం తప్ప చేయడానికి ఇంకేమీ లేదు. ఎవరికి ఫోన్ చేస్తాం? ఏమని చెబుతాం?

నాలుగున్నరకి వదిన మెల్లిగా అంది, "మీ కంటి చుక్కల మందు ఫ్రిజ్ తలుపులో ఉంది. రెండు పూటలా వేసుకోవాలి. ఒక పూట మీరు ఎగ్గొడుతున్నారని నాకు తెలుసు."

"రాత్రికి నువ్వే వేద్దువుగాని," అన్నాడు అన్నయ్య.

వదిన నా వైపు తిరిగింది. "నువ్వు లెక్క తప్పు చెప్పలేదు. అది మనసులో పెట్టుకోకు."

నాలుగూ నలభై. ఎండ కిటికీలోంచి నేల మీద పడుతోంది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు. అప్పుడు వినిపించింది.

మెత్తగా ఒకటి... గట్టిగా ఒకటి.

వీధిలో కాదు. దుకాణంలో కాదు. మా మధ్యనే. నా చేతిలో ఉన్న ఆమె చేతిలోంచి. నా ఎముకకి తగిలింది ఆ దెబ్బ.

"వదలకు," అన్నాడు అన్నయ్య. "వదలకే."

"వదల్లేదు."

మెత్తగా... గట్టిగా.

ఆమె చెయ్యి తేలికైంది. ముందు నా చెయ్యి తిమ్మిరెక్కిందనుకున్నాను. కాదు. పట్టు అలాగే ఉంది, వేళ్ళు అలాగే ఉన్నాయి. బరువు లేదు. తడి పోతోంది... వేడి పోతోంది. వేళ్ళ కింద ఆమె చర్మం గరుకుగా, ఎండుగా, పల్చగా అవుతోంది. నేను రోజూ పట్టుకునేది అదే. కళ్ళు మూసుకున్నా గుర్తుపడతాను.

కాగితం.

"వదినా..."

"భయమెయ్యట్లేదే," అంది. గొంతు దూరం నుంచి వచ్చింది. పెదవులు కదిలినట్టు లేదు. "చాలామంది ఉన్నారిక్కడ... అందరూ వరసలో..."

మెత్తగా ఒకటి.

రెప్ప వేయకూడదనుకున్నాను. అన్నయ్యా అదే అనుకున్నాడట. కళ్ళు మండుతున్నా అలాగే చూస్తున్నాను. కానీ గట్టి దెబ్బ పడ్డప్పుడు కళ్ళు మూతపడతాయి. ఎవరివైనా మూతపడతాయి.

గట్టిగా ఒకటి.

కళ్ళు తెరిచేసరికి మేమిద్దరం ఒక గోధుమరంగు కవరు చెరో అంచూ పట్టుకుని ఉన్నాం. కుర్చీ ఖాళీ. కవరు మీద అన్నయ్య పేరు, వదిన చేతిరాత. ఇంకేమీ లేదు. తలుపుల గడియలు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

పోలీసులు నాలుగుసార్లు వచ్చారు. పెరడు తవ్వించారు. మొగుడూ ఆడపడుచూ కలిసి ఏదో చేశారని వీధిలో అనుకుంటున్నారు. కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు నన్ను "చదువుకున్నదానివి" అని మొదలుపెట్టి చాలా అడిగాడు. నాకు తెలిసింది చెప్పాను. ఆయన రాసుకోలేదు.

పాత ఆఫీసుకి కూడా వాళ్ళతో వెళ్ళాను. తాళం కోసి తలుపు తెరిచారు. లోపల కుర్చీ లేదు, బల్ల లేదు. సందు కింద ఒక్క ఉత్తరం కూడా లేదు. నేల నిండా యాభై ఏళ్ళ ధూళి, దాని మీద ఎలుక అడుగు కూడా లేదు.

కవర్లు వస్తున్నాయి. నెలకొకటి, ఆ కుర్చీలో. కుర్చీ పెరట్లోకి మార్చాం, పెరట్లో కుర్చీలో కనిపించింది. అన్నయ్య దాన్ని మళ్ళీ లోపలికి తెచ్చుకున్నాడు. కవరు వచ్చిన ప్రతిసారీ మెట్లెక్కి నా దగ్గరికొస్తాడు. మొదటిసారి వచ్చినప్పుడు కవరు నా బల్ల మీద పెట్టాడు.

"ఇది ఎప్పటిదో చూడవే. మీ వదిన వెళ్ళకముందుదా, తర్వాతదా?"

"ఎందుకు?"

"తర్వాతదైతే అక్కడ ఉన్నట్టే కదా. వెళ్తాను. ఆ సందులో నా చెయ్యీ పెడతాను."

అన్నయ్య నా కన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. చిన్నప్పుడు నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళేవాడు. ఇంట్లో మిగిలింది మేమిద్దరం. అద్దం తీశాను, దీపం వేశాను, కవరు దాని కింద పెట్టాను. చాలాసేపు చూస్తున్నట్టు కూర్చున్నాను. కళ్ళు మూసుకునే కూర్చున్నాను.

"ముందుదే అన్నయ్యా. ఎప్పుడో రాసి దాచిపెట్టుకుని ఉంటుంది. పాతది."

"నిజం చెప్పు."

"ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్న పని. నాకు తెలియదా?"

కవరు జేబులో పెట్టుకుని దిగిపోయాడు. ఆ మధ్యాహ్నమే పోస్టుమాస్టరు పుస్తకం పెరట్లో కాల్చేశాను. నాలుగేళ్ళ ముద్రలు, రోజుకొకటి. కాలుతున్నప్పుడు మాత్రం చూడలేకపోయాను. ఇప్పుడు అన్నయ్య ఇంకెవరి దగ్గరికి తీసుకెళ్ళినా వాళ్ళ దగ్గర కొలబద్ద లేదు. నాకు వచ్చే కవర్లన్నీ వెనక్కి పంపేస్తున్నాను. కంటిచూపు పోయిందని అందరికీ రాశాను.

ఇప్పటికి తొమ్మిది వచ్చాయి. ముద్ర వైపు చూడటం లేదు కానీ చిరునామా వైపు కళ్ళు పోకుండా ఆపలేకపోతున్నాను. మొదటి మూడింటి మీద అన్నయ్య పేరు ఒక్కటే. నాలుగోదాని మీద పేరు కింద ఇంటి నంబరుంది. ఆరోదానికి వీధి చేరింది. నిన్న వచ్చినదాని మీద ఊరు కూడా ఉంది. దాని కింద, వదినది కాని చేతిరాతలో, వాళ్ళమ్మ పేరు రాసిన ఆ చేతితోనే, 'మేడ మీద' అని ఉంది.

అన్నయ్య చుక్కల మందు వేసుకుని తడి కళ్ళతో ఎదురుగా నిలబడ్డాడు. అంత చిన్న అక్షరాలు ఆయనకి కనబడవు.

"పాతదే," అన్నాను. ఎప్పుడు అడిగినా అదే అంటున్నాను.